పైన పటారం, లోన పదిలం

‘మన ఇంటి యంత్రాలు’ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో మిక్సీలు, కుట్టుమిషన్లు, నీళ్ళ మోటార్లదే పెద్ద వాటా. ఈసారి హోసూరు నుంచి ఒక అమ్మాయి మోటారు సైకిలు గురించి రాసింది. వాళ్ళ నాన్నగారు 1991లో కొన్న యమహా ఆర్.ఎక్స్.100 ఇంకా ఇంట్లో ఉంది. ఆయన నడపడం మానేశారు, ఇప్పుడు అమ్మాయే నడుపుతోంది. ఇంజనుకు రెండు పక్కలా ఉండే అల్యూమినియం కవర్లు మసకబారాయి, అక్కడక్కడ పసుపు తిరిగాయి. వాటికి నల్లరంగు వేయించి, ఉబ్బెత్తుగా ఉన్న అక్షరాలను మాత్రం వెండిలా మెరిపించాలని ఆమె కోరిక. నాన్నగారేమో "కంపెనీవాడు ఇచ్చింది ఇచ్చినట్టే ఉండనీ" అంటున్నారట. "మీరే తీర్పు చెప్పండి బాబాయిగారూ" అంటూ ఉత్తరం ముగించింది.

తండ్రీ కూతుళ్ళ తగవులో తలదూర్చడం పెద్దమనుషులకు క్షేమం కాదు. అయినా ఈ ఉత్తరాన్ని పక్కన పెట్టబుద్ధి కాలేదు. మన కుటుంబాల్లో ఇలాంటి పాత జపాను బండి ఒకటి వసారాలోనో, మెట్ల కిందనో ఉన్న ఇళ్ళు తక్కువేమీ కావు. దాని కవర్లకు కొత్త సొగసు చేయించవచ్చా అంటే, నిక్షేపంగా చేయించవచ్చు. కాకపోతే ఏది మార్చవచ్చో, ఏది ముట్టకూడదో తెలుసుకుని చేయించాలి. ‘పైన పటారం, లోన లొటారం’ అని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఆ బళ్ళు వచ్చిన కాలం

1980ల మొదట్లో మన రోడ్ల మీద బుల్లెట్టు, యెజ్డీ, రాజ్‌దూత్ బళ్ళదే రాజ్యం. 1983లో ఎస్కార్ట్స్ వారు యమహా సహకారంతో రాజ్‌దూత్ 350 తెచ్చారు. 1984లో ఉత్తరం రాసిన అమ్మాయి ఊరు హోసూరులోనే తయారైన ఇండ్-సుజుకి వచ్చింది. 1985లో హీరో హోండా సి.డి.100, ఆ ఏడాది చివర్లో ఆర్.ఎక్స్.100 వచ్చాయి. ఈ ఆర్.ఎక్స్. ఇంజను 98 సి.సి. మాత్రమే. సిలిండరు అడ్డుకొలత 50 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక కూడా 50 మిల్లీమీటర్లే. శక్తి 11 హార్స్‌పవర్. బండి బరువు నూరు కిలోలకు కాస్త పైన. అంత తేలిక బండికి అంత శక్తి కనుకనే యాక్సిలరేటరు తిప్పగానే దూకేది. 1996లో దాని తయారీ ఆగిపోయింది. అంటే ఎంత ‘కొత్త’ ఆర్.ఎక్స్.100 అయినా పాతికేళ్ళు దాటినదే.

యమహా గుర్తులో ఒకదానికొకటి అడ్డంగా పెట్టినట్టు కనిపించే మూడు కడ్డీలను మీరు చూసే ఉంటారు. అవి వాద్యాలను శ్రుతి చేసుకునే కడ్డీలు. 1887లో తొరాకుసు యమహా అనే ఆయన జపానులోని హమామత్సు పట్టణంలో ఒక బడిలోని ఆర్గన్ పెట్టెను బాగుచేశాడు. ఆ తరువాత తానే వాద్యాలు చేయడం మొదలుపెట్టాడు. ఆ వాద్యాల కంపెనీ నుంచే 1955లో మోటారు సైకిళ్ళ కంపెనీ పుట్టింది. వాళ్ళ మొదటి బండి పేరు వై.ఏ.1. నల్లబళ్ళు మామూలుగా తిరిగే రోజుల్లో దాన్ని ఎరుపు మేళవించిన గోధుమరంగులో తెస్తే, జనం ‘ఎర్ర తూనీగ’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. కాబట్టి రంగు మార్చడం తప్పని ఆ కంపెనీవారే అనలేరు!

మూత కాదు, గోడ

కవరు అనగానే పెట్టె మీద మూత లాంటిదనుకుంటాం. ఇంజను కవరు మూత కాదు, గోడ. కుడిపక్క కవరు తీస్తే లోపల క్లచ్చు, దాన్ని తిప్పే గేరు కనిపిస్తాయి. అవి నూనెలో తడుస్తూ తిరుగుతాయి. ఆ నూనె బయటికి రాకుండా ఆపేది ఈ కవరే. కిక్ రాడ్డు ఇరుసు దీని గుండానే బయటికి వస్తుంది. ఆ కంత చుట్టూ రబ్బరు ఆయిల్ సీలు ఉంటుంది. కవరుకూ ఇంజనుకూ మధ్య మన మెకానిక్కులు ప్యాకింగు అనే కాగితపు పొర ఒకటి. కవరు వెంట్రుకవాసి కూడా పక్కకు జరగకుండా కూర్చునేందుకు రెండు బోలు పిన్నులు. వీటికి తోడు, ఆర్.ఎక్స్. బళ్ళలో పిస్టనుకు నూనె పంపే ఆటోల్యూబ్ పంపు కూడా కుడిపక్కనే బిగించి ఉంటుంది. గేరు నూనె వేరు, ఈ పంపు నూనె వేరు. ఈ రెండోది అందకపోతే పిస్టన్ సిలిండరులో పట్టేస్తుంది.

ఎడమపక్క కవరు లోపల మాగ్నెట్ ఉంటుంది. ఆ వెనుక చైనును లాగే పళ్ళచక్రం. ఇక్కడ నీరు చేరకూడదు, ఒకవేళ చేరినా నిలవకూడదు. చీర కొంగు గాని, చున్నీ గాని, పిల్లల వేలు గాని చైనుకు అందకూడదు. ఇదీ ఆ కవరు కాపలా.

ఇంతా చెప్పి తేల్చేది ఒక్క మాట. కవరు బయటి ముఖం మీది, ఎలా అలంకరించుకున్నా మీ ఇష్టం. ఇంజనుతో కలిసే అతుకు ముఖం, సీలు కూర్చునే కంత, నూనె నడిచే దారి ఇంజనువి. వాటి మీద రంగు చుక్క పడకూడదు, గరుకు కాగితం తగలకూడదు.

విప్పడంలోనే సగం పని

పాత జపాను బళ్ళ కవర్లకు ప్లస్ గుర్తు గాడి ఉన్న స్క్రూలు ఉంటాయి. మన ఇళ్ళలో ఉండే ఫిలిప్స్ స్క్రూడ్రైవరు వీటికి సరిపోయినట్టే కనిపిస్తుంది, కాని సరిపోదు. జపాను ప్రమాణం ప్రకారం చేసిన ఆ గాడి కొలత కాస్త వేరు. ఫిలిప్స్ మొన గాడి అడుగుదాకా దిగదు, గట్టిగా తిప్పగానే పైకి జారి గాడిని చెరిపేస్తుంది. పాత బండి దేన్ని చూసినా స్క్రూ తలలు నమిలినట్టు ఉండేది ఇందుకే. జె.ఐ.ఎస్. అని అడిగి ఆ రకం స్క్రూడ్రైవరు కొనుక్కోండి. మొండికేసిన స్క్రూకు సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవరు వాడాలి.

స్క్రూలన్నీ ఒకే పొడవు ఉండవు. ఒక అట్టముక్క మీద కవరు ఆకారం గీసి, ఏ స్క్రూ ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడే అట్టకు గుచ్చండి. పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడుగుది పెట్టి బిగిస్తే అడుగు తగిలి అల్యూమినియం పగులుతుంది. కవరు ఊడి రాకపోతే అతుకులో స్క్రూడ్రైవరు దూర్చి తిప్పకండి. ఆ ఒక్క గీత చాలు, జీవితమంతా నూనె కారడానికి. రబ్బరు సుత్తితో చుట్టూ మెల్లగా తట్టండి. విప్పే ప్రతి దశకూ సెల్‌ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి.

ఇంత పని ఇంట్లో ఎవరు చేస్తారని అనుకోకండి. కోయంబత్తూరు జి.డి.నాయుడుగారు (1893–1974) మన తెలుగు ఇంటి బిడ్డే. చిన్నతనంలో ఒక బ్రిటిషు అధికారి మోటారు సైకిలు చూసి మనసు పారేసుకుని, హోటల్లో పనిచేసి డబ్బు కూడబెట్టి, ఆ బండి కొని, విప్పి, మళ్ళీ బిగించి యంత్రవిద్య నేర్చుకున్నారని ఆయన కథ చెబుతారు. 1920లో బస్సు నడపడంతో మొదలైన ఆయన సంస్థ ఎంతగా ఎదిగిందో తమిళనాట మన వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

మెరుగా? రంగా?

ఆ కాలపు కవర్లు చాలావాటికి మెరుగుపెట్టిన అల్యూమినియం మీద గాజులాంటి లక్కపూత ఉంటుంది. పసుపు తిరిగేది ఆ పూతే గాని లోహం కాదు. కాబట్టి ముందు పాత పూత తీయాలి. పెయింటు రిమూవరుతో తీసేటప్పుడు చేతికి తొడుగు, చుట్టూ గాలి తప్పనిసరి. ఒక హెచ్చరిక: కాలువలు శుభ్రం చేసే కాస్టిక్ సోడాలో కవరును నానబెట్టకండి. అది అల్యూమినియాన్నే తినేస్తుంది, మండే స్వభావమున్న వాయువును కూడా విడుదల చేస్తుంది.

పూత పోయాక మీ ముందు మూడు దారులు.

మొదటిది మెరుగు, అంటే బఫింగు. తమిళనాట ‘ఉప్పుత్తాళ్’ అనే గరుకు కాగితంతో మొదలుపెట్టాలి. 400 నంబరు నుంచి 600, 800, 1000, 1500 వరకు నీళ్ళతో తడుపుతూ ఒకదాని తరువాత ఒకటి రుద్ది, చివర గుడ్డచక్రం మీద మైనపు ముద్దతో మెరుగు పెట్టాలి. అద్దంలా తళతళలాడుతుంది. అయితే గుడ్డచక్రానికి అక్షరమని జాలి లేదు. ఉబ్బెత్తు అక్షరాల అంచులు ముందుగా అరిగేది అక్కడే. రెండుమూడు సార్లు బఫింగు చేయించిన కవరు మీద కంపెనీ పేరు అరిగిన నాణెం మీది బొమ్మలా మిగులుతుంది. ఆ అక్షరాల చుట్టూ యంత్రం పెట్టనివ్వకుండా చేత్తో రుద్దించండి.

రెండోది రంగు. అల్యూమినియానికి మామూలు రంగు నేరుగా పట్టదు. దాన్ని పట్టి ఉంచే ఎచ్ ప్రైమరో, ఎపాక్సీ ప్రైమరో ముందు వేసి, పైన పెట్రోలుకు కరగని రంగు వేయించాలి. హోసూరు అమ్మాయి కోరిక తీరేది ఈ దారిలోనే. కవరంతా నల్లరంగు కొట్టి, ఆరాక ఒక చదునైన చెక్కముక్కకు సన్నని గరుకు కాగితం చుట్టి, అక్షరాల నెత్తి మీద మాత్రమే మెల్లగా రుద్దితే నలుపులోంచి వెండి అక్షరాలు లేస్తాయి. ఆపైన పలుచగా పారదర్శక పూత. రెండు డబ్బాలు కలిపి వేసే గట్టి పూత అయితే దాని ఆవిరి ఊపిరితిత్తులకు చెరుపు. ఆ పనిని తగిన ముసుగులు ఉన్న పెయింటు షాపుకు వదిలేయండి.

మూడోది పౌడర్ కోటింగు. రంగుపొడి చల్లి 180–200 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కాలుస్తారు. గట్టిగా, నిలకడగా ఉంటుంది. ఇచ్చే ముందు రబ్బరు సీలు, ప్లాస్టిక్ ముక్కలు తీసేయాలి. అతుకు ముఖానికీ, కంతలకూ వేడికి ఆగే పట్టీ వేయించాలి. పాతికేళ్ళుగా నూనె పీల్చిన కవరు కాబట్టి, పొడి చల్లకముందే ఒకసారి ఖాళీగా వేడిచేయమని చెప్పండి. లేకపోతే కాలేటప్పుడు లోపలి నూనె పొంగి పైన బుడగలు వస్తాయి. వంటింటి ఓవెనులో ఈ ప్రయోగాలు మాత్రం చేయకండి.

యానోడైజింగు చేయించమని కొందరు సలహా ఇస్తారు. అచ్చులో పోసే కవర్లకు జపానులో ఎక్కువగా వాడే ఏ.డి.సి.12 మిశ్రమంలో నూటికి సుమారు పది నుంచి పన్నెండు పాళ్ళు సిలికాన్ ఉంటుంది. దాని మీద యానోడైజింగు సమానంగా పట్టక, బూడిదరంగు మచ్చలు తేలుతుంది. డబ్బు వృథా.

ఏది మంచిదంటే, మీరు ఉండే ఊరిని బట్టి. షోలాపూరు, బళ్ళారి లాంటి పొడి ఊళ్ళలో బఫింగు చాలాకాలం నిలుస్తుంది, నెలకోసారి తుడిస్తే చాలు. యానాం, చెన్నై, గోపాల్‌పూర్ లాంటి చోట్ల ఉప్పుగాలికి పూతలేని అల్యూమినియం మీద త్వరగా తెల్లటి పొక్కులు లేస్తాయి. తీరంలో ఉన్నవారికి రంగో, పౌడర్ కోటింగో శరణ్యం.

ఇవి మాత్రం వద్దు

చైను చక్రం కనిపించేలా కవరును సగానికి కోయించడం ఒక మోజు. చూడడానికి పందెం బండిలా ఉంటుంది గాని, వెనుక కూర్చున్న ఇల్లాలి కొంగు, పక్కన నిలబడిన పసివాడి చేయి గుర్తు తెచ్చుకోండి. వెనుక చక్రం సగం కప్పే కాపు, వెనుక కూర్చునేవారికి పట్టుకునే పిడి, కాలిపెట్టు ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో ఉన్నదీ ఇందుకే. ఒకసారి కోసిన కవరు మళ్ళీ అతకదు.

కవర్లకు రంగు వేసే ఉత్సాహంలో ఇంజను ఒంటి మీద చెక్కిన నంబరు జోలికి పోకండి. పదిహేనేళ్ళు దాటిన సొంత బండి రిజిస్ట్రేషనును అయిదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. అప్పుడు ఆ నంబరు చూస్తారు. అది రంగు కింద దాగినా, రుద్దుడుకు అరిగినా సంజాయిషీ మీరే చెప్పుకోవాలి.

సిలిండరు రెక్కల మీద మందపాటి పూతలు కూడా వద్దు. ఆ రెక్కలు గాలికి వేడి వదలడానికే ఉన్నాయి. వాటికి దుప్పటి కప్పకూడదు.

మళ్ళీ బిగించేటప్పుడు

కొత్త ప్యాకింగు, కొత్త ఆయిల్ సీలు తప్పనిసరి. రెండింటికీ అయ్యే ఖర్చు రంగు ఖర్చు ముందు ఏపాటి? బజారులో దొరికే నకలు కవరు కొంటే, ముందుగా దాని అతుకు ముఖాన్ని మందపాటి గాజుపలక మీద బోర్లించి చూడండి. ఊగితే వంకర ఉన్నట్టే, తిరిగి ఇచ్చేయండి. స్క్రూల బదులు అలెన్ బోల్టులు వేయించడం మంచి మార్పు. 6 మిల్లీమీటర్ల బోల్టులు, పొడవులు పాతవాటితో సరిచూసుకోవాలి. అలెన్ కీ చేతికి బలంగా దొరుకుతుంది కనుక అతిగా బిగించే ప్రమాదం ఉంది. అల్యూమినియంలో ఆ సైజు బోల్టుకు 8 నుంచి 10 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి. స్టెయిన్‌లెస్ బోల్టు అల్యూమినియంతో కలిసిన చోట, అందులోనూ ఉప్పుగాలి తగిలే ఊళ్ళలో, కొన్నేళ్ళకు పట్టేసుకుంటుంది. మరల మీద కాస్త యాంటీ-సీజ్ గ్రీజు రాయండి.

అన్నిటికన్నా ముఖ్యం నూనె పంపు. దాన్ని విప్పి మళ్ళీ పెడితే గొట్టంలో గాలి చేరుతుంది. పంపుకు ఉన్న గాలి స్క్రూను వదులు చేసి, బుడగలు లేకుండా నూనె ధారగా వచ్చేవరకు ఆగి, అప్పుడు బిగించాలి. మొదటి ట్యాంకు పెట్రోలులో లీటరుకు 20 మిల్లీలీటర్ల చొప్పున టూ-స్ట్రోకు నూనె కలుపుకుంటే ఇంకా నిశ్చింత. నాకు తెలిసిన ఒక ఇంటి బండిని ఇలాగే మెరుగుపెట్టి తెచ్చి ఇచ్చారు. కవర్లలో ముఖం చూసుకోవచ్చు! గాలి తీయడం మాత్రం షాపువారు మరిచారు. ఊరు దాటకముందే పిస్టన్ పట్టేసింది, వెనుక చక్రం నిలిచిపోయి బండి జారింది. నడిపే కుర్రవాడు క్లచ్చు నొక్కగలిగాడు కనుక మోచేయి దోక్కుపోవడంతో సరిపోయింది. అందం కోసం విప్పిన కవరు ప్రాణం మీదికి తెచ్చేది ఇక్కడే. అందుకే మెకానిక్కును ‘రంగు బాగుందా’ అని కాదు, ‘పంపులో గాలి తీశావా నాయనా’ అని అడగండి.

ఇక తీర్పు సంగతి

అమ్మా, నీ కోరికా తప్పు కాదు, నాన్నగారి మాటా తప్పు కాదు. రంగు తిరిగి తీయగలిగిన మార్పు. కోత తిరిగి రాని మార్పు. బఫింగు ఈ రెంటికీ మధ్యది, ప్రతిసారీ కాస్త లోహాన్ని తీసుకుపోతుంది. తీయగలిగిన మార్పు చేయడానికి వెనుకాడనక్కరలేదు.

అయితే రంగుకు ఇచ్చే ముందు ఒకసారి ఎడమ కవరును వెలుతురులో పరిశీలనగా చూడు. రోజూ నడిపిన బండికి గేరు రాడ్డు దగ్గర, చెప్పు మడమ రాసుకునే చోట, పూత పోయి అరచేతి వెడల్పున నున్నగా మెరుస్తూ ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆఫీసుకు, బజారుకు, నిన్ను బడిలో దింపడానికి వెళ్ళిన కాలి గుర్తు అది. నాన్నగారు వద్దనేది రంగునా, ఆ గుర్తు పోవడాన్నా అని ఆయన్నే అడుగు. చాలామంది తండ్రులు రెండోదాన్ని నోరు తెరిచి చెప్పరు.

ఆయన మనసు అదే అయితే నీకు సులువైన దారి ఉంది. చెన్నై పుదుపేటలోనో, బెంగుళూరు జె.సి.రోడ్డులోనో వెతికితే పాత కవర్లు ఇంకా దొరుకుతాయి. ఒక జత కొని, వాటికి నీ నలుపూ వెండీ వేయించి బండికి బిగించు. నాన్నగారి కవర్లను సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టి, అతుకు ముఖానికి కాస్త నూనె రాసి, మెత్తటి గుడ్డలో చుట్టి, స్క్రూలు గుచ్చిన ఆ అట్టముక్కతో సహా అటక మీద పెట్టు. తయారీ ఆగిపోయిన బండికి అసలు కవర్లే ఆస్తి. బయటి జత దొరక్కపోతే కుడి కవరుకు మాత్రం రంగు వేయించి, ఎడమదాన్ని అలాగే వదిలేయి. రెండు పక్కలా రెండు రకాలుగా ఉంటే నవ్వుతారేమో అనుకోకు. ఒక పక్క ఆయనది, ఒక పక్క నీది.

మీ ఇళ్ళలోనూ పాత జపాను బళ్ళు ఉంటే, వాటి కవర్లను ఎలా కాపాడుకుంటున్నారో రాయండి. తీరప్రాంతంలో ఉన్నవారు ఉప్పుగాలికి ఏ పూత ఎన్నేళ్ళు నిలిచిందో రాస్తే అందరికీ పనికొస్తుంది. వచ్చే సంచికలో, ఇద్దరు ముగ్గురు పాఠకులు కోరినట్టుగా, అమ్మమ్మల నాటి కాలితొక్కుడు కుట్టుమిషను సంగతి చెప్పుకుందాం.